వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల ట్రస్టులో బోర్డు మెంబరుగా రమ్మంటున్నారు, ఒప్పుకోవాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: బ్యాంకు మేనేజరుగా ఈమధ్యే రిటైరయ్యారు. మీ ఊళ్లో వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకోసం పనిచేసే ఒక చిన్న ట్రస్టు మిమ్మల్ని బోర్డులోకి రమ్మంటోంది. జీతం ఏమీ ఉండదు. వైద్యం గురించి తెలియదు కదా అంటే, "పేరుకు ఉంటే చాలు సార్" అన్నారట. ఒప్పుకోవచ్చా, వైద్యం తెలియకపోతే ఇబ్బందా, మీ మీద పడే బాధ్యత ఏమిటి, ఎంత టైం పెట్టాలి?

ఒప్పుకోండి. అయితే "పేరుకు ఉంటే చాలు" అన్న మాటకు మాత్రం ఒప్పుకోవద్దు. సంతకం పెట్టేముందు ఒక్క విషయం కనుక్కోండి: ఆ బోర్డులో వీల్‌చైర్‌లో కూర్చునేవాళ్లు ఎంతమంది, వాళ్లు వద్దన్న పని ఎప్పుడైనా ఆగిందా? ఒక్కరూ లేకపోతే, లేదా ఫొటోకోసం ఒకరిని పెట్టుకుంటే, మీరు చేరే షరతు అదే చేయండి. మిగతావన్నీ నేర్చుకోవచ్చు.

నేను పన్నెండేళ్లుగా ఇలాంటి ట్రస్టు బోర్డులోనే ఉన్నాను. మొదటి ఏడేళ్లు కోశాధికారిని, ఇప్పుడు అధ్యక్షుణ్ణి. అకౌంట్స్ మనిషిని. మా ఇంట్లో ఎవరికీ ఈ దెబ్బ లేదు. అంటే నేనూ మీలాగే బయటినుంచి వచ్చినవాణ్ణి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికులు, సెంట్రింగ్ పనిలో పై అంతస్తునుంచి జారినవాళ్లు, బైక్ యాక్సిడెంట్ అయిన కుర్రాళ్లు ఎక్కువ. దాదాపు అందరూ ఇల్లు నడిపే వయసువాళ్లే.

పై షరతు ఎందుకు పెట్టమంటున్నానో చెప్తాను. నేను హాజరైన రెండో మీటింగ్ ఒక దాత ఆఫీసులో, మొదటి అంతస్తులో పెట్టారు. లిఫ్ట్ లేదు. అప్పట్లో బోర్డు మొత్తానికి నడవలేని సభ్యుడు ఒక్కరే, ఒక మాస్టారు. వాచ్‌మన్, డ్రైవరు కలిసి ఆయన్ని కుర్చీతో సహా పైకి ఎత్తుకొచ్చారు. రెండు గంటలు మాట్లాడుకున్నాం, టీ తాగాం. లేవబోతుంటే ఆయన ఎడమకాలి సాక్సు మీద ఎర్రగా కనిపించింది. మెట్లెక్కించేటప్పుడు పాదం ఫుట్‌రెస్ట్ మీంచి జారి మెట్టు అంచుకు గీరుకుపోయింది. నడుము కింద స్పర్శ లేదు కాబట్టి ఆయనకు తెలియలేదు, మాలో ఎవరూ చూడలేదు. ఆ గాయం మానడానికి మూడు నెలలు పట్టింది. ఆ రోజు మేం చర్చించిన అంశం "కొత్త సెంటర్‌లో సౌకర్యాలు".

ఆ తర్వాత చాలా మార్చాం. మీటింగ్ కింది అంతస్తులోనే. ఉదయం పదకొండున్నర కంటే ముందు మొదలుపెట్టం, ఎందుకంటే ఈ దెబ్బ ఉన్నవాళ్లలో చాలామందికి మలవిసర్జన, స్నానం, బట్టలు అన్నీ అయ్యేసరికి గంటన్నర, రెండు గంటలు పడుతుంది. తొమ్మిదింటికి మీటింగ్ పెడితే, దూరంనుంచి వచ్చే మనిషి నాలుగున్నరకు లేవాలి, ఆయనకోసం ఇంట్లో ఇంకొకరు లేవాలి. మే నెలలో మధ్యాహ్నం మీటింగులు ఆపేశాం. మెడ దగ్గర దెబ్బ తగిలినవాళ్లకు ఒంట్లో చాలాభాగం చెమట పట్టదు, ఎండకు జ్వరం వచ్చినట్టు కాలిపోతారు. క్యాబ్ బుక్ చేసేవాళ్లు సీఎన్‌జీ బండి కాకుండా చూస్తారు, డిక్కీలో సిలిండర్ ఉంటే వీల్‌చైర్ పట్టదు. తోడు వచ్చే మనిషి చార్జీలు కూడా ట్రస్టే ఇస్తుంది. ఇవి వినడానికి చిన్న విషయాలే. కానీ ఇవి చేయని బోర్డులో వీల్‌చైర్ మనిషి పేరు రిజిస్టర్‌లో ఉంటుంది, మనిషి మాత్రం రాడు.

ఈ రంగంలో గట్టిగా నిలబడ్డ సంస్థలు చాలావరకు దెబ్బతిన్నవాళ్లే మొదలుపెట్టినవి. ఢిల్లీలోని ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్‌ను స్థాపించిన మేజర్ అహ్లువాలియా 1965లో ఎవరెస్ట్ ఎక్కి, అదే ఏడాది పాకిస్తాన్ యుద్ధంలో తూటా తగిలి వీల్‌చైర్‌కు పరిమితమైన మనిషి. తమిళనాడులో తెన్‌కాశి దగ్గర ఆయికుడిలో అమర్ సేవా సంగం ఉంది. నేవీ ఆఫీసర్ల ఎంపికకు వెళ్లి 1975లో మెడకు దెబ్బ తగిలించుకున్న రామకృష్ణన్ గారు 1981లో దాన్ని మొదలుపెట్టారు. తర్వాత ఆయనతో కలిసి నడిపిన శంకరరామన్ గారు చార్టర్డ్ అకౌంటెంట్, కండరాల క్షీణత వల్ల ఆయనదీ వీల్‌చైరే. ఇంగ్లండ్‌లో స్పైనల్ ఇంజురీస్ అసోసియేషన్‌ను 1974లో పెట్టిన బారనెస్ మాషమ్ కూడా గుర్రం మీంచి పడి వెన్నుపాము దెబ్బతిన్నావిడే. నేనేదో కొత్త సిద్ధాంతం చెప్పడం లేదు, జరిగినదాన్ని చూసి చెప్తున్నాను.

వైద్యం తెలియకపోతే ఇబ్బందా? కాదు. డాక్టరు చేయాల్సింది డాక్టరు చేస్తారు. కానీ ఎక్కడ డబ్బు తగ్గిస్తే ఎవరి ప్రాణం మీదికి వస్తుందో తెలిసేంత మాత్రం బోర్డు సభ్యుడికి తెలియాలి. ముఖ్యంగా రెండు: పుండ్లు, మూత్రం. స్పర్శ లేని చోట గంటల తరబడి బరువు పడితే చర్మం లోపలినుంచి కుళ్లుతుంది. అందుకే మంచం మీద ఉన్నవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, కుర్చీలో ఉన్నవాళ్లు కొన్ని నిమిషాలకోసారి ఒళ్లు ఎత్తాలి. మూత్రం సంగతికొస్తే, రోజుకు నాలుగైదుసార్లు గొట్టం పెట్టి తీసేయాలి. ఛాతీ మధ్యభాగానికి పైన దెబ్బ తగిలినవాళ్లలో మూత్రాశయం నిండిపోయినా, గొట్టం మెలిపడినా బీపీ ఒక్కసారిగా పెరిగి ప్రాణాపాయం రావచ్చు. పేద దేశాల్లో ఈ దెబ్బ ఉన్నవాళ్లు ఇప్పటికీ ఎక్కువగా చనిపోయేది ఈ పుండ్లవల్ల, మూత్రం ఇన్ఫెక్షన్లవల్లే. రెండూ ఆపగలిగినవే.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్పాలి. నేను కోశాధికారిగా ఉన్న రెండో ఏడు డబ్బుకు బాగా ఇబ్బందైంది. ఖర్చుల పట్టిక ముందేసుకుని ఎక్కడ తగ్గించవచ్చో పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్నాను. మా ట్రస్టు సెంటర్‌నుంచి డిశ్చార్జ్ అయ్యేవాళ్లకు ఇంటికి మూడు నెలలకు సరిపడా క్యాథెటర్లు, అంటే మూత్రం తీసే గొట్టాలు, ఇచ్చేవాళ్లం. దాన్ని ఒక నెలకు కుదిద్దాం అన్నాను. అందరూ తలూపారు. మాస్టారు నా చేతిలోంచి కాగితం తీసుకుని చూసి, "మీకు ఇక్కడ అంకె కనిపిస్తోంది, నాకు జ్వరం కనిపిస్తోంది" అన్నారు. తర్వాత లెక్క ఆయనే చెప్పారు. నెల తర్వాత గొట్టాలు అయిపోతాయి. కూలికి వెళ్లే భార్య పది రోజులు ఒకే గొట్టం కడిగి వాడుతుంది. చలిజ్వరం వస్తుంది. ప్రైవేటు ఆస్పత్రిలో నాలుగు రోజులు ఉంటారు, అప్పు చేస్తారు, మళ్లీ మన దగ్గరికే వస్తారు. పెన్సిల్ గీత చెరిపేశాను. ఆ ఏడాది సన్మాన సభ, సావనీరు ఆపేసి ఆ డబ్బు సర్దుకున్నాం. ఆయన లేకపోతే ఆ కోత తీర్మానమై మినిట్స్‌లో ఎక్కేది, నేను మంచి పొదుపు చేశాననుకుని ఇంటికి వెళ్లేవాణ్ణి.

వీల్‌చైర్ల పంపిణీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, మిమ్మల్ని పిలిచే మొదటి ఫంక్షన్ బహుశా అదే అవుతుంది. ఒకసారి ఒక కంపెనీ ఇచ్చిన సీఎస్ఆర్ (సమాజసేవకు కేటాయించే) డబ్బుతో అందరికీ ఒకే సైజు వీల్‌చైర్లు పంచాం. ఫొటోలు బాగా వచ్చాయి. నాలుగు నెలల తర్వాత మా ఫిజియోతో కలిసి కొన్ని ఇళ్లకు వెళ్లాను. ఒక ఇంట్లో కుర్చీ వరండాలో ఉంది, దాని మీద బియ్యం బస్తా ఉంది. తలుపు వెడల్పు ఇరవైనాలుగు అంగుళాలు, కుర్చీ ఇరవైఆరు. ఇంకో ఇంట్లో కుర్చీ బాగానే వాడుతున్నారు, కానీ కుషన్ లేదు. ఒక దుప్పటి మడిచి వేసుకున్నారు. ఆ కుర్రాడికి తుంటి దగ్గర గుప్పెడంత పుండు. మేం ఇచ్చిన కుర్చీ మీద కూర్చునే అది వచ్చింది.

అప్పటినుంచి మా బోర్డులో "ఎన్ని ఇచ్చాం" అన్న ప్రశ్న లేదు. "మూడు నెలల తర్వాత ఎన్ని వాడుకలో ఉన్నాయి, ఎవరికి పుండు వచ్చింది" అన్నదే అడుగుతాం. ఇంటి తలుపు, బాత్‌రూమ్ తలుపు కొలతలు రాకుండా కుర్చీ మంజూరు చేయం, కుషన్ లేకుండా అసలే ఇవ్వం. దాతకు కూడా అదే చెప్తాం. ఒకాయన "యాభై కుర్చీలకు బదులు ఇరవైయేనా" అని బాధపడ్డారు. ఆయన్ని ఆ రెండో ఇంటికి తీసుకెళ్లాను, ఆయన ఇంకేం అడగలేదు.

బోర్డు అడగాల్సిన ఇంకో ప్రశ్న పెన్షన్ గురించి. డిశ్చార్జ్ అయిన ప్రతి మనిషికీ సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంతో చెప్పే ప్రభుత్వ ధ్రువపత్రం), యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) వచ్చాయా, పెన్షన్ మొదలైందా? ఆంధ్రాలో 2024 జూలైనుంచి దివ్యాంగుల పెన్షన్ నెలకు 6,000 అయింది, పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకు 15,000. తెలంగాణలో 2023లో 4,016 చేశారు. సర్టిఫికెట్‌లో ఒక్క గడి తప్పు పడితే ఆంధ్రాలో ఒక కుటుంబానికి నెలకు 9,000 తేడా. మనం దాతల దగ్గర ఎంత సేకరించినా ఒక ఇంటికి నెలనెలా అంత ఇవ్వలేం. సదరం క్యాంపు చుట్టూ తిరిగే ఒక మనిషికి జీతం ఇవ్వడం "ఆఫీసు ఖర్చు" అని కోసేయకండి. మా ట్రస్టులో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చిన ఖర్చు అదే.

ఇక మీ బాధ్యత. మీరు బ్యాంకు మనిషి కాబట్టి ఈ భాగం మీకు తేలిగ్గా అర్థమవుతుంది, వాళ్లకు మీ అవసరం ఉన్నదీ ఇక్కడే. ట్రస్టు సొమ్ము ట్రస్టీలది కాదు. తప్పు జరిగాక "నేను పేరుకే ఉన్నాను" అంటే ఎవరూ వినరు. చేరేముందు ట్రస్ట్ డీడ్, లేదా సొసైటీ అయితే బైలాలు, మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, గత ఏడాది మినిట్స్ అడిగి తీసుకోండి. ఇవ్వడానికి ఇబ్బంది పడుతున్నారంటే అక్కడే ఆగండి.

పన్ను సంగతి. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1నుంచి అమలు కావడంతో సెక్షన్ నంబర్లు మారాయి, ఇక్కడ అందరికీ అలవాటైన పాత పేర్లే రాస్తున్నాను. 12ఏ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (దాతలకు పన్ను మినహాయింపు) రిజిస్ట్రేషన్లు ఇప్పుడు శాశ్వతం కావు, గడువు ఎప్పటితో ముగుస్తుందో మీ డైరీలో రాసుకోండి. నాకు తెలిసిన ఒక చిన్న సంస్థ ఆ తేదీ మర్చిపోయింది. ఆఫీసులో ఉన్న ఒక్క గుమస్తా మానేశాడు, బోర్డులో ఎవరికీ గుర్తులేదు. దాతలకు రసీదు ఇవ్వలేక ఆ ఏడాదంతా అవస్థ పడ్డారు. వచ్చిన ఆదాయంలో 85 శాతం ధర్మకార్యానికి ఖర్చు కావాలి, లేదంటే దేనికోసం దాస్తున్నామో నిర్ణీత ఫారంలో చెప్పుకుని అయిదేళ్లలోపు వాడాలి. 2,000 దాటి నగదు ఇచ్చిన దాతకు 80జి మినహాయింపు రాదు, ఆ మాట డబ్బు తీసుకునే ముందే చెప్పండి.

మన తెలుగు ట్రస్టులన్నిటికీ వచ్చే చిక్కు ఒకటుంది. అమెరికాలో ఉన్న అక్కయ్యో, క్లాస్‌మేటో "డబ్బు పంపిస్తాను" అంటారు. వాళ్లది ఇంకా ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే, సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నాక మాత్రం, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోకే రావాలి. 2020 సవరణ తర్వాత పాలనా ఖర్చులకు అందులో 20 శాతం మించి వాడకూడదు. డాలస్‌నుంచి ఒకాయన పంపిన డబ్బును మేం వెనక్కి పంపాల్సి వచ్చింది. ఆయనకు కోపం వచ్చింది, నిజమే. ఆ డబ్బు ఉంచుకుని ఉంటే ట్రస్టు మొత్తం చిక్కుల్లో పడేది. ఇప్పుడు విదేశాల్లో ఉన్నవాళ్లు ఎవరు అడిగినా మా మొదటి ప్రశ్న "మీది ఏ పాస్‌పోర్ట్ అండీ?"

ట్రస్టీల బంధువుల లావాదేవీలు ఇంకో ప్రమాదం. మా ట్రస్టీ ఒకరి షెడ్డు అద్దెకు తీసుకోవాల్సి వచ్చింది, ఆ చుట్టుపక్కల ర్యాంప్ వేయడానికి వీలున్నది అదొక్కటే. బయటినుంచి రెండు రేట్లు తెప్పించాం, చర్చ అయ్యేవరకు ఆయన గది బయట కూర్చున్నారు, అదంతా మినిట్స్‌లో రాశాం. మంచివాళ్ల మధ్య కూడా ఇలాగే చేయాలి. ఎక్కువ అద్దె ఇచ్చినట్టు తేలితే పన్ను మినహాయింపే పోవచ్చు.

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది సిఫార్సు. మా దగ్గర బెడ్లు తక్కువ, వచ్చేవాళ్లు ఎక్కువ. ఒక పెద్ద దాత ఫోన్ చేసి, "మా డ్రైవర్ బావమరిది, రేపే చేర్చుకోండి" అన్నారు. నేను సెంటర్‌కు ఫోన్ చేసి చెప్పేశాను. వాళ్లు చేర్చుకున్నారు. వారం తర్వాత తెలిసింది, వరుసలో ముందున్న అమ్మాయి ఇంట్లోనే ఉండిపోయింది, పుండు ఎముక దాకా వెళ్లింది. తర్వాత ఆమె కోలుకుంది, ఆ నెల రోజులు మాత్రం నా తప్పే. తర్వాతి మీటింగ్‌లో నేనే ఆ సంగతి చెప్పి తీర్మానం పెట్టాను: ఎవరిని ముందు చేర్చుకోవాలన్న నియమం బోర్డు రాస్తుంది, ఎవరిని చేర్చుకోవాలన్నది వైద్య బృందం తేలుస్తుంది. సభ్యులెవరూ పేషెంట్ పేరు పట్టుకుని సెంటర్‌కు ఫోన్ చేయకూడదు. సిఫార్సు వస్తే కాగితం మీద రాసి పంపమంటాం, అది కూడా మామూలు వరుసలోనే ఉంటుంది. ఆ దాత ఏడాదిపాటు మాతో మాట్లాడలేదు. తర్వాత మళ్లీ వచ్చారు.

అదేరకంగా ఫిజియోకు, నర్సుకు నేరుగా పని చెప్పకండి. ఏదైనా తేడా కనిపిస్తే సెంటర్ నడిపే మేనేజర్‌తో మాట్లాడండి. మేనేజర్ మీదే ఫిర్యాదు అయితే బోర్డులో పెట్టండి. బ్రాంచి నడిపినవాళ్లకు ఇది మొదట్లో కష్టంగా ఉంటుంది, మన చేతులు ఊరుకోవు.

పుండ్ల ఫొటోలు, బట్టలు సరిగ్గా లేని ఫొటోలు విరాళాలకోసం వాట్సాప్‌లో పెట్టే అలవాటు వాళ్లకుంటే మొదటి రోజే ఆపించండి. దీని మీద చర్చ అక్కర్లేదు.

బోర్డులోకి ఎవరిని తేవాలని వాళ్లు మిమ్మల్ని అడిగితే, దెబ్బతిన్నవాళ్లతో పాటు వాళ్లను చూసుకునే భార్యనో తల్లినో ఒకరిని కచ్చితంగా తీసుకోండి. మా బోర్డులో ఇప్పుడు తొమ్మిదిమందిమి. అయిదుగురు వీల్‌చైర్ మనుషులు, ఒకావిడ గీత కార్మికుడి భార్య. ఏడో తరగతి వరకే చదివారు. బ్యాలెన్స్ షీట్ వచ్చినప్పుడు ఎవరో ఒకరం పక్కన కూర్చుని తెలుగులో చదివి చెప్తాం. అజెండా, మినిట్స్ తెలుగులోనే రాస్తాం. రాత్రిపూట పక్కకు తిప్పడానికి మనిషి లేని ఇళ్లలో ఏం జరుగుతుందో ఆవిడ చెప్పాకే, డిశ్చార్జ్‌కు ముందు ఇంట్లోవాళ్లు ఇద్దరికి తప్పనిసరిగా పని నేర్పాలన్న నియమం పెట్టాం. అంతకుముందు ఒక్కరికే నేర్పి పంపేవాళ్లం. ఆ ఒక్కరూ జ్వరంతో పడుకుంటే ఎలా అని మాకెవ్వరికీ తట్టలేదు.

చివరగా టైం. మామూలు రోజుల్లో నెలకు పది, పన్నెండు గంటలు అనుకోండి: ఒక మీటింగ్, దానికి ముందు కాగితాలు చదవడం, ఒకటి రెండు ఇళ్లకు వెళ్లడం. ఆడిట్ నెలల్లో రెట్టింపు అవుతుంది. మొదటి మూడు నెలలు మాత్రం ఇంకాస్త ఎక్కువ పెట్టండి. పొద్దున ఆరింటికి ఒకసారి సెంటర్‌కు వెళ్లి, వార్డులో ఒక మనిషి నిద్ర లేచి కుర్చీలోకి వచ్చేవరకు, ఆయన సరేనంటేనే, పక్కన ఉండండి. ట్రస్ట్ డీడ్ ఆ తర్వాత చదవండి. వాళ్లు ఒప్పుకుంటే, సంతకం పెట్టకముందే ఒక మీటింగ్‌కు అతిథిగా వెళ్లి కూర్చోండి. ఆ రోజు వీల్‌చైర్ సభ్యులు ఎవరైనా రాకపోతే ఎందుకు రాలేదో అడగండి. వాళ్లేం చెప్పారో వీలైతే ఇక్కడ రాయండి, ముందుకు వెళ్లాలా వద్దా అన్నది కలిసి ఆలోచిద్దాం.